మింగని ముద్ద

పప్పుచారులో ఉప్పు తగ్గిందని నూకరత్నం గుర్తించేలోపే, అద్దానికి అవతల మంచం మీద కూర్చున్న ఆమె కూతురు తరళ ముఖం చిట్లించింది.

"చప్పగా ఉందమ్మా," అన్న మాట గోడలోని మాటపెట్టెలోంచి వినిపించింది.

నూకరత్నం చిటికెడు ఉప్పు వేసి, మళ్ళీ కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. ఈసారి పిల్ల బావుందన్నట్టు తలూపి, తన గిన్నెలోంచి ఒక చెంచాడు నోట్లో వేసుకుంది. ఆ గిన్నెలో ఉన్నది పప్పుచారన్నం కాదు, పోషకముద్ద. తెల్లగా, మెత్తగా, రుచీ వాసనా లేకుండా ఉంటుంది. ఏడేళ్ళ పిల్ల ఒంటికి కావలసినవన్నీ తూచి అందులో కలుపుతారు. రుచి మాత్రం అమ్మ నోట్లోంచి వస్తుంది.

ఇద్దరి అంగిట్లోనూ బొటనవేలి గోరంత బిళ్ళ అతికించి ఉంది. అంగిటిబిళ్ళ అంటారు దాన్ని. తల్లి నాలుకకు ఏ రుచి తగిలితే ఆ కబురు కూతురి నరానికి చేరుతుంది. క్యాన్సర్ మందులు ఎంత మారినా ఒక్క సంగతి మాత్రం మారలేదు, మందు పడిన పిల్లకు నోరు పాడవుతుంది. పాలు తాగితే ఇనుము నాకినట్టుంటుంది, అన్నం తింటే మట్టి తిన్నట్టుంటుంది, బుగ్గల లోపలంతా పుండ్లు. అంగిటిబిళ్ళ ఆ పాడైన నాలుకను పక్కకు తప్పించి నేరుగా నరంతోనే మాట్లాడుతుంది. కాబట్టి నోరంతా పూసిపోయిన పిల్ల కూడా నిక్షేపంగా ఆవకాయన్నం రుచి చూడొచ్చు. పుండు మీద మంట పుట్టదు.

ఇలాంటి పిల్లల కోసమే పుట్టిన బిళ్ళ తర్వాత ఊరినంతా పట్టుకుంది. ఇప్పుడు కాకినాడలో సగం మంది మధ్యాహ్నం పూట పోషకముద్ద మింగుతూ, ఎవరో పంపిన గుత్తివంకాయ రుచితో సరిపెట్టుకుంటున్నారు. పెళ్ళిళ్ళకు మనుషుల్ని మానేసి నాలుకల్ని పిలుస్తున్నారు. భీమవరంలో ఒకాయన పొద్దస్తమానం పీతల ఇగురు తింటూ కూర్చుంటే, వేలమంది ఆయన నోటి మీద ఆధారపడి బతికేస్తున్నారు. అరిటాకు వెయ్యకుండానే కొత్త అల్లుడికి మర్యాదలన్నీ జరిపించేశామని అత్తగార్లు గొప్పలు చెప్పుకుంటున్నారు. ఇన్ని వింతల మధ్య, సముద్రపు గట్టు పక్కనున్న ఈ పిల్లల ఆస్పత్రిలో మాత్రం బిళ్ళ తాను పుట్టిన పనే చేసుకుంటోంది. రక్తంలో బలం పడిపోయిన పిల్లల దగ్గరికి బయటి తిండి వెళ్ళకూడదు. అందుకని ప్రతి గదినీ అద్దంతో రెండుగా చీల్చారు. అటు పిల్ల మంచం, ఇటు పిల్ల తరఫున తినే మనిషికి ఒక బల్ల, కంచం. ఆ మనిషిని రుచిదాత అంటారు. పేరు ఘనంగానే ఉంది. ఆకలి ఉన్నా లేకపోయినా, కళ్ళు మూతలు పడుతున్నా, పిల్ల అడిగినప్పుడల్లా కంచం ముందు కూర్చోవడమే ఆ ఘనత.

నమలడం అయ్యాక నూకరత్నం స్టీలు గ్లాసు ఎత్తి, నీళ్ళు తాగుతున్నట్టు పెదాలకు ఆనించుకుంది. ముద్దను చప్పుడు కాకుండా అందులోకి వదిలేసి, మూత పెట్టింది. పమిటతో మూతి తుడుచుకుని ఇంకో ముద్ద కలిపింది.

ఆమె పగటి పూట మెతుకు మింగదు. పిల్లకు జబ్బు బయటపడ్డ కొత్తలో, జ్వరం ఎంతకీ దిగకపోతే, తన పేరులోనే ఉన్న నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది. పొద్దుటి దీపం నుంచి సాయంత్రం దీపం దాకా గింజ మింగను, నా బిడ్డ నడుచుకుంటూ ఇంటికొచ్చేదాకా ఇదే నా మాట అని. ఆ మర్నాడే జ్వరం దిగింది. ఇక ఆవిడకు ఎవరు ఏం చెప్పినా ఎక్కే ప్రశ్నే లేదు. డాక్టర్ల మందు ఒక చెయ్యి పట్టుకుంటే, తన పస్తు రెండో చెయ్యి పట్టుకుని పిల్లను ఒడ్డుకు లాగుతోందని ఆమె గట్టి నమ్మకం.

అప్పట్లో రుచిదాత ఆమె భర్త సూరిబాబు. నడి సముద్రంలో గాలిమరలు బాగుచేసే మనిషి, మొహమాటం లేకుండా తింటాడు. ఆయన సెలవు అయిపోతుందనగా నెల ముందే నూకరత్నం అంగిట్లోనూ బిళ్ళ అతికించి జత కుదిర్చారు; ఆయన గాలిమరల దగ్గరికి వెళ్ళిపోయాక తినే పని ఆమెకు వచ్చింది. కాదనలేదు. మొక్కు సంగతి ఆస్పత్రిలో చెప్పనూ లేదు. ఆమె తీసుకున్న నిర్ణయం చాలా సులువైనది. పిల్లకు కావలసింది రుచి. రుచి నాలుక మీద ఉంటుంది. మొక్కు కడుపుకి సంబంధించింది. నమిలి ఇస్తే పిల్లకు పిల్ల వాటా చేరుతుంది, మింగకపోతే అమ్మోరికి అమ్మోరి వాటా చేరుతుంది. ఇద్దరిలో ఎవరికీ ద్రోహం చేయడం లేదు.

చీకటి పడ్డాక ఇంత మజ్జిగన్నం తినేది. రానురాను అదీ సయించడం మానేసింది. పగలంతా నోటి నిండా తిండి పెట్టుకుని కడుపు మాడ్చుకునే మనిషికి, తిండి చూస్తేనే అలసట వస్తుంది.

మధ్యాహ్నం కంచాలు తీసేశాక, నడవ చివర ఉన్న కడుగుడు తొట్ల దగ్గరికి వెళ్ళింది. ఈ అంతస్తులోని రుచిదాతలందరూ అక్కడికే వస్తారు, ఎక్కువమంది తల్లులే. ప్రతివాళ్ళూ కుళాయి పూర్తిగా తిప్పి, ముఖం పక్కకు పెట్టుకుని, తమ గ్లాసు తాము కడుక్కుని వెళ్ళిపోతారు. ఒకరి గ్లాసు వంక ఒకరు చూడరు. ఆడవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళని నూకరత్నం అనుకునేది.

తిరిగి వచ్చేసరికి గదిలో ఆహార వైద్యురాలు మృణాళిని కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళతో ఉంటుంది. గోడ మీద తరళ బరువు గీత వెలుగుతోంది. పిల్ల పడుకున్న మంచమే ఆమెను తూస్తుంది. గీత కొండ దిగుతున్నట్టు కిందికే వస్తోంది.

"కూర్చోండి నూకరత్నం గారూ," అంది మృణాళిని. "నాకేం అర్థం కావడం లేదు. గిన్నె ఖాళీగా తిరిగొస్తోంది. ముద్దముద్దకీ రుచి అందినట్టు బిళ్ళ చెబుతోంది. వాంతులు లేవు, విరేచనాలు లేవు. మరి ఆ తిండంతా ఏమైపోతోంది?"

"ఏమోనండి. నా ముందే తింటందండి."

"వాళ్ళ నాన్న ఉన్నప్పుడు బరువు నిలిచింది. మీరు వచ్చాకే తగ్గడం మొదలైంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, గీత అలా ఉంది, అంతే."

తప్పుపట్టడం లేదన్న మాట నూకరత్నానికి చెంపదెబ్బలా తగిలింది. "నేను బాగానే నవులుతున్నానండి," అంది.

"సోమవారం మందు ఎక్కించాలి. ఈ బరువుతో ఎక్కిస్తే పిల్ల తట్టుకోలేదు. వాయిదా వేస్తే ఇది రెండోసారి అవుతుంది. జబ్బు మనకోసం ఆగదు కదా."

"ముక్కులోంచి గొట్టం వేత్తారంట కదండి?"

"వేస్తాం. కానీ ఇప్పుడు రక్తం గడ్డకట్టే శక్తి బాగా పడిపోయింది. గొట్టం గీసుకుంటే కారే రక్తాన్ని ఆపలేం. ఈ వారం గడిచేదాకా నోటితో తినడం ఒక్కటే దారి." మృణాళిని లేచి, అద్దంలోంచి నిద్రపోతున్న పిల్లను కాసేపు చూసింది. "తనకు ఇష్టమైనదేదైనా తినండమ్మా. ఇష్టంగా తినండి."

ఆమె వెళ్ళిపోయాక నూకరత్నం బల్ల మీద తల ఆనించి ఉండిపోయింది. ఏడవాలనిపించలేదు, అంత ఓపిక లేదు. అమ్మోరికి ఏమైనా తక్కువ చేశానా అని వెతుక్కుంది. రాత్రి తినే ఆ మజ్జిగన్నం కూడా మానేస్తే పిల్ల బరువు పెరుగుతుందేమో అనుకుంది. ఆ ఆలోచన ఆమెకు ఎంతో సబబుగా తోచింది. ఆ రాత్రి ఏమీ తినలేదు.

మర్నాడు పొద్దున ఇడ్లీ, అల్లం పచ్చడి తెప్పించింది. తరళకు అవంటే ప్రాణం. పిల్ల లేచి కూర్చుంది. జుట్టు రాలిన తల మీద నీలం టోపీ, కళ్ళ కింద గుంటలు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెంచా నోట్లో వేసుకుంది.

నూకరత్నం ఇడ్లీ ముక్క పచ్చట్లో అద్ది నమిలింది. గ్లాసు ఎత్తింది. అవతల తరళ కూడా పుక్కిలించే మూతకప్పు ఎత్తింది. పుండ్లున్న పిల్లలు తిన్నాక ఉప్పునీళ్ళతో పుక్కిలించాలి కాబట్టి ఆ కప్పు ఎప్పుడూ మంచం మీదే ఉంటుంది. కానీ ఇప్పుడే కదా తినడం మొదలుపెట్టింది? నూకరత్నం చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"అప్పుడే పుక్కిలిత్తన్నావేంటి తల్లీ?"

పిల్ల కప్పు మీద మూత నొక్కిపెట్టి తల దించుకుంది.

"ఏదీ, మూత తీ. తీసి చూపించు."

తరళ తియ్యలేదు. కాసేపటికి చిన్న గొంతుతో, "నువ్వు ముందు తీ," అంది.

 నూకరత్నం గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నాన్న తింటే రుచి ఇలా ఇలా జారి," తరళ గొంతు మీద వేలితో గీసి చూపించింది, "ఇక్కడిదాకా వచ్చేది. నాకు కూడా గుటుక్కుమని దిగిపోయేది. నీది నాలిక మీదే ఆగిపోద్ది. తర్వాత గ్లాసెత్తుతావు. నీళ్ళు తాగితే చల్లగా రావాలి కదా? రాదు."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"నువ్వొచ్చిన రోజే తెలిసింది. నాన్నని ఫోన్లో అడిగా, అమ్మెందుకు మింగట్లేదని. మింగుద్దిలేవే, పగలు ఒక్కపొద్దుంటంది కదా, ఆ నీరసానికి నీకలా అనిపిత్తంది అన్నాడు. నీకోసం మొక్కుకుందిరా, మారాం చెయ్యకన్నాడు."

"మరి నువ్వు తినాలి కదే! మొక్కు నాది కదా!"

"నేనూ మొక్కుకున్నా," అంది తరళ. "ఇద్దరం మొక్కుకుంటే తొందరగా తగ్గిపోద్ది. అప్పుడు నువ్వింక ఆకలితో ఉండక్కర్లేదు కదా."

 పిల్ల కోసం తాను పస్తుంటే, తన కోసం పిల్ల పస్తుంటోంది. ఇద్దరూ అద్దానికి అటొకరూ ఇటొకరూ కూర్చుని, ఒకరి కోసం ఒకరు తింటున్నట్టు నటిస్తూ ఇన్నాళ్ళూ గడిపారు. గోడ మీది గీత ఎందుకు దిగుతోందో నూకరత్నానికి అర్థమైంది. ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

"అలా కాదమ్మా. పిల్లలకి మొక్కులుండవు. నువ్వు మింగు. అమ్మ చెప్తంది కదా, మింగెయ్."

తరళ మాట విని ఒక చెంచాడు నోట్లో పెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. మెడ నరాలు బిగిశాయి. గొంతు కదల్లేదు. ఓకరింత వచ్చి, ముద్దంతా తువ్వాలు మీద పడింది. "రావట్లేదమ్మా," అంది పిల్ల, తప్పు చేసినదానిలా. "ముందు కావాలనే ఉమ్మేసేదాన్ని. ఇప్పుడు మింగుదామన్నా రావట్లేదు."

నూకరత్నం గ్లాసు పట్టుకుని తిన్నగా మృణాళిని గదికి వెళ్ళింది. మూత తీసి బల్ల మీద పెట్టి, జరిగినదంతా చెప్పింది. దాచుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

మృణాళిని ఆ గ్లాసులోకి వంగి చూసింది. కోప్పడలేదు.

"నాలుక మీది రుచి వేరు, మింగేటప్పుడు గొంతులో జారే రుచి వేరు," అంది, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "ఆ జారే రుచి అందితేనే పిల్ల గొంతు దాని వెనకాలే కదులుతుంది. అది లేకుండా ఇన్నాళ్ళు గడిస్తే గొంతు ఆ పని మరిచిపోతుంది. ఈ బిళ్ళ చేసినవాళ్ళు అన్నీ పరీక్షించారు. జలుబు చేసిన నాలుక, కాలిన నాలుక, సున్నంతో పొక్కిన నాలుక. రుచిదాత మింగకుండా ఉంటాడేమో అని ఎవరికీ తట్టలేదు. తినడానికి కూర్చున్న మనిషి మింగకపోవడమేంటి?"

ఆ మాట తన నోట్లోంచి రాగానే ఆమెకు ఏదో తోచినట్టుంది. లేచి గబగబా నడవ చివరికి నడిచింది. నూకరత్నం వెనకాలే వెళ్ళింది.

తొట్ల దగ్గర పొద్దుటి రద్దీ. కుళాయిలన్నీ జోరుగా పారుతున్నాయి. మృణాళిని ఒక్కొక్కటే కట్టేసుకుంటూ వెళ్ళింది. చప్పుడు ఆగిపోయేసరికి అందరూ తలెత్తారు.

"నేను తిట్టడానికి రాలేదు," అంది. "మీ పిల్లల కోసం పస్తులుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నమిలి ఉమ్మేస్తున్నవాళ్ళు."

 ముందుగా సల్మా అనే అమ్మాయి, చంటివాడికి మందు ఎక్కించడానికి తెచ్చిన తల్లి, గ్లాసును దుపట్టా కిందికి జరుపుకుంది. దాచడం తన వల్ల కాదనుకుందో ఏమో, మళ్ళీ బయటికి తీసింది. "రోజాలు ఉంటానని మొక్కుకున్నాను మేడం. బాబు ఇంటికొచ్చేదాకా."

"మాది ఉపవాస ప్రార్థనండి," అంది సువార్తమ్మ అనే పెద్దావిడ. మనవడికి రుచిదాత ఆవిడ. "పాస్టరు గారు కూడా వద్దన్నారండి. నా మనసొప్పలేదు."

ఆ తర్వాత ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. శనివారాలన్న వాళ్ళు శనివారాలన్నారు, దీక్ష అన్నవాళ్ళు దీక్ష అన్నారు. దేవుళ్ళు వేరు, వారాలు వేరు, గ్లాసులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మర్యాద కొద్దీ ముఖాలు తిప్పుకునేవాళ్ళని తాను అనుకున్న ఆడవాళ్ళందరి ముఖాల్లోనూ నూకరత్నానికి తన అలసటే కనిపించింది.

మృణాళిని అక్కడున్న ముక్కాలి పీట మీద కూలబడింది. ఇన్నాళ్ళూ పోషకముద్దలో ఇది పెంచుతూ అది తగ్గిస్తూ ఆమె పడ్డ అవస్థంతా ఆ తొట్లలో కొట్టుకుపోయింది.

"మీ దేవుళ్ళతో మీరేం మాట్లాడుకుంటారో నాకు చెప్పక్కర్లేదు," అంది. "మొక్కు వదల్లేనివాళ్ళు బిళ్ళ తీసేయండి, ఇంకెవరైనా తింటారు. బిళ్ళ ఉంచుకున్నవాళ్ళు మింగండి. రెండూ మాత్రం కుదరవు." తర్వాత నూకరత్నం వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మీకు ఆ మొదటి దారి కూడా లేదు. కొత్త మనిషి నాలుకతో పిల్ల నరం కుదురుకోవడానికి నెల పడుతుంది. మీ ఆయన నాలుకతో జత ముందే కుదిరి ఉంది గానీ, సముద్రం ఇలా పోటెత్తి ఉండగా పడవ రాదు. సోమవారం లోపల ఆ పిల్ల గొంతు కదిలించగలిగేది మీరొక్కరే."

నూకరత్నం గదికి తిరిగి వచ్చింది. ఇడ్లీలు చల్లారిపోయాయి. కూర్చుంది గానీ చెయ్యి కంచం మీదికి పోలేదు.

ఆమె భయం చిన్నది కాదు. ఈ ముక్క మింగాక పిల్లకు ఏమైనా అయితే, నా ఆకలికి ఓర్చుకోలేక నా బిడ్డను నేనే పోగొట్టుకున్నానని మిగిలిన బతుకంతా అనుకోవాలి. మింగకపోతే పిల్ల ఎలా పోతుందో గోడ మీది గీత చూపిస్తూనే ఉంది. జ్వరం దిగిన ఆ పొద్దుటి పూట ఆమెకు గుర్తుంది. ఆ పొద్దుట అమ్మోరు తన మాట విన్నదని ఇప్పటికీ నమ్ముతుంది. ఆ నమ్మకం ఉంచుకునే, మాట తప్పాలి. అమ్మా, కోపమొస్తే నా మీద చూపించు, దాని జోలికి రాకు అనుకుంది. అంతకన్నా మంచి ప్రార్థన ఆమెకు తట్టలేదు.

"మొక్కో?" అని అడిగింది తరళ, తల్లి చెయ్యి కంచం వైపు కదలడం చూసి.

"తీరిపోయింది."

"అమ్మోరు చెప్పిందా?"

"ఆఁ, చెప్పింది. నీది కూడా తీరిపోయిందంట. చెంచా తీసుకో."

అంత పెద్ద అబద్ధం ఆమె ఎప్పుడూ ఆడలేదు. ఇడ్లీ ముక్కను పచ్చట్లో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. అలవాటు కొద్దీ చెయ్యి గ్లాసు కోసం వెతికింది. వెనక్కి తీసుకుంది. కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. పట్టపగలు. గొంతు మొరాయించింది. కళ్ళు మూసుకుని మింగింది.

ముక్క ఇంకా గొంతు దిగుతుండగానే కళ్ళు తెరిచింది. అద్దానికి అవతల, సన్నటి ఆ మెడలో, చిన్న కదలిక కనిపించింది. పైకి లేచి, ఆగి, కిందికి దిగింది.

తరళ నోరు తెరిచి చూపించింది. ఖాళీగా ఉంది. పిల్ల ముఖంలో నవ్వు లేదు, వింత చూసినట్టు కళ్ళు పెద్దవయ్యాయి. ఇడ్లీ తనకు కొత్త కాదు, అల్లం పచ్చడీ కొత్త కాదు. కానీ ఇన్నాళ్ళ పస్తు తర్వాత ఒక గొంతులోంచి దిగిన ఇడ్లీ రుచి ఆ పిల్ల ఎప్పుడూ ఎరగదు. 

"ఇన్నాళ్ళూ నీకింత ఆకలేసిందా అమ్మా?" అంది.

 అప్పటికే నూకరత్నం నోట్లో రెండో ముద్ద ఉంది.